మూడో చెయ్యి

వసుంధర రాసిన పుస్తకాన్ని గియాసుద్దీన్ దొంగిలించాడు.

ఇందులో అనుమానమేమీ లేదు. సుధాకరరావు అనుమానించే సంగతులు లోకంలో చాలా ఉన్నాయి గాని, ఇది వాటిలోది కాదు. అట్ట మీద గియాసుద్దీన్ పేరుంది. లోపలున్నది వసుంధర మాట. వసుంధర పోయి పద్నాలుగు నెలలైంది. పోయినవాళ్ళు లేచొచ్చి అడగరని వాడి ధైర్యం.

పుస్తకం తెచ్చిచ్చింది పక్క ఫ్లాటు ప్రసన్నలక్ష్మి.

"అన్నయ్యగారూ, వదిన పనిచేసిన పియానోల షాపాయన పుస్తకం వేశాడండీ. తెలుగు సంఘం మీటింగులో పంచారు. మీకూ ఒకటి పట్టుకొచ్చాను," అంది.

"ఊరికే ఎందుకు పంచాడు?"

"ఊరికే ఇస్తే కూడా తప్పేనా అన్నయ్యగారూ," అని ఆవిడ నవ్వి వెళ్ళిపోయింది.

అరవై నాలుగు పేజీలు, ఇంగ్లీషులో. సుధాకరరావు భీమవరం పక్కన పల్లెటూరి బళ్ళో ఏడో తరగతి దాకా చదివి, ముప్ఫై ఒక్కేళ్ళ కిందట ఈ పరాయి దేశమొచ్చి ఓడల మరమ్మతు యార్డులో వెల్డరుగా చేరి, ఫోర్‌మన్‌గా రిటైరైనవాడు. ఆయనకు ఇంగ్లీషు వెల్డింగు రాడ్ల డబ్బాల మీదా, ప్రమాద హెచ్చరికల బోర్డుల మీదా వచ్చింది. జురాంగ్ వెస్ట్ ఫ్లాటులో కిటికీ పక్కన కూర్చుని, వరుస కింద వేలు పెట్టి, మూడు వారాలు చదివాడు.

నూరేళ్ళ కిందట అమెరికాలో పియానో వాయించిన ఆల్బీ క్రెన్షా అనేవాడి కథ అది. మిస్సోరీలో నది ఒడ్డు ఊళ్ళో పుట్టాడు. తండ్రి సరుకు పడవల్లో బస్తాలు మోసేవాడు. ఆల్బీ పన్నెండేళ్ళకే సారా దుకాణాల్లో వాయించడం మొదలుపెట్టాడు. ఆ సంగీతానికి జాజ్ అన్న పేరు ఇంకా కుదురుకోని రోజులు. ఎడమచేయి ఇంజనులా ఆగకుండా నడుస్తుంటే, కుడిచేయి దాని మీదెక్కి ఇష్టమొచ్చినట్టు ఆడేది. షికాగో చేరాడు. పోటీలకు దిగితే అతన్ని ఓడించినవాడు లేడు.

కాని తన బాణీ ఎవడో ఎత్తుకుపోతాడని అతనికి భయం. గోడకు వీపు ఆనించి, తలుపు కనపడేట్టు కూర్చునేవాడు. ఇంకో పియానోవాడు లోపలికొస్తే చేతుల మీద రుమాలు కప్పుకుని వాయించేవాడు. గ్రామఫోను కంపెనీ పిలిస్తే, రికార్డు చేస్తే ఊరంతా నేర్చుకుంటుందని వెళ్ళలేదు. అతను వెళ్ళకపోతే పాట ఆగిందా? విన్నవాళ్ళు వెళ్ళి తమ పేర్ల మీద రికార్డులిచ్చారు. ఆల్బీ చివరికి ఒక హోటల్లో లిఫ్టు నడుపుతూ పోయాడు.

సుధాకరరావుకు ఆ మనిషి నచ్చాడు. జాగ్రత్త గలవాడు అనుకున్నాడు.

ఆల్బీ వాయించినదానికి మిగిలిన గుర్తులు కాగితపు చుట్టలు మాత్రమే. ఆ రోజుల్లో తనంతట తనే మోగే పియానో ఉండేది. మనిషి వాయించింది వాయించినట్టు చిల్లులు కొట్టిన కాగితపు చుట్ట అందులో తిరుగుతుంటే, ఆ చిల్లుల్లోంచి గాలి పోయి, వేళ్ళతో నొక్కే మెట్లు వాటంతటవే కిందికి దిగేవి. చిల్లుల్ని చూసి ఎవడూ ఏమీ నేర్చుకోలేడనుకుని, ఆల్బీ చుట్టలకు మాత్రం ఒప్పుకున్నాడు.

అలాంటి చుట్టల్ని బాగుచెయ్యడమే వసుంధర పని. టోవా పాయోలో గియాసుద్దీన్ పియానోల మరమ్మతు షాపు. హోటళ్ళవాళ్ళు, పాత వస్తువులు పోగుచేసేవాళ్ళు తెచ్చిచ్చిన చుట్టల్ని అక్కడ కూర్చుని, చిరుగుల మీద పల్చటి కాగితం అంటించి, చిల్లులు మళ్ళీ కోసేది. పదకొండేళ్ళు. ఇంటికొచ్చి రాత్రిళ్ళు ఏదో రాసుకునేది. సెరంగూన్ రోడ్డు సరుకుల కొట్లో ఏటా ఇచ్చే తెలుగు క్యాలెండరు కాగితాల వెనక, పెన్సిలుతో.

"ఏంటది?" అని ఒకసారి అడిగాడు.

"ఆల్బీ గురించండీ."

"ఎవడో అమెరికావాడి గోల నీకెందుకు?"

ఆమె కాగితం మడిచేసింది. ఆయన మళ్ళీ అడగలేదు. ఆమె పోయాక బీరువా వెతికితే ఆ కాగితాల్లో ఒక్కటీ లేదు. ఎక్కడికి పోతాయి? ఇప్పుడు తెలిసింది.

ముప్ఫై ఎనిమిదో పేజీ దగ్గర ఆయన వేలు ఆగింది. ఆల్బీ భార్య డెల్లా గురించి రాసిన చోటు. చదివాడు. మళ్ళీ చదివాడు. అక్కడున్నది అమెరికా కాదు, తన ఇల్లు. మూడు చోట్ల పెన్సిలుతో గీతలు గీశాడు. గోడ దూకినవాడి చెప్పు లోపల దొరికినట్టయింది.

*

ఆదివారం నాలుగింటికి గియాసుద్దీన్ షాపులోనే పుస్తకం మీద సభ. సుధాకరరావు రైలు మారి, ప్రసన్నలక్ష్మి వెంట వెళ్ళాడు. ఇరవైమంది దాకా ఉన్నారు. సగంమంది తెలుగు సంఘంవాళ్ళు. విడదీసిన పియానోల మధ్య ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. జిగురు వాసన. వసుంధర చీరల్లో ఉండే వాసన.

గియాసుద్దీన్ గడ్డానికి గోరింటాకు పెట్టుకున్నాడు. ఎదురొచ్చాడు.

"రాండ్రి రావు సాబ్. మీరొస్తరనుకోలే. సంతోషం."

"ఎందుకనుకోలేదు?"

"అయ్యో, ఊకెనే అన్న. చాయ్ తాగుండ్రి."

"వద్దు."

చాయ్ పోసి నోరు మూయిద్దామని చూస్తున్నాడు. సుధాకరరావు వెనక వరసకు పోయి, గోడకు వీపు ఆనించి, తలుపు కనపడేట్టు కూర్చున్నాడు.

మాట్లాడింది గియాసుద్దీన్ కూతురు షిఫా. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, ఇక్కడివాళ్ళలాగే మాట చివర 'లా' తగిలిస్తుంది, కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఒక చుట్ట ఎక్కించి పియానో మోగించింది. మెట్లు దిగుతున్నాయి, లేస్తున్నాయి. ముందు కూర్చున్నవాడు లేడు.

"ఓకే, ఇప్పుడు పై మెట్లు చూడండి," అంది షిఫా. "కింద రెండు చేతులూ బిజీగా ఉన్నాయి కదా. మరి ఇవి ఎవరు నొక్కుతున్నారు? మూడో చెయ్యి. నిపుణులంతా ఏమన్నారంటే, కంపెనీవాళ్ళే తర్వాత కత్తితో ఎక్స్‌ట్రా చిల్లులు పెట్టారు అని. అలా చేసేవాళ్ళు కూడా, నిజం. కానీ కత్తితో కోస్తే తాళానికి కరెక్టుగా పడతాయి లా. ఇవి పడవు. ప్రతిసారీ కొంచెం లేటు. అంటే పక్కన ఒక మనిషి కూర్చుని వాయించారు. అది మొదట గమనించింది..."

ఆగింది. తండ్రి వైపు చూసింది. తండ్రి తల దించుకున్నాడు.

"డెల్లా అయుండొచ్చని ఈ పుస్తకం చెబుతుంది. పందొమ్మిది వందల ఇరవై ఒకటి తర్వాత చుట్టల్లో ఆ చెయ్యి లేదు. ఆ తర్వాతే అతని చుట్టలు ఎవరూ కొనలేదు. రేడియో వచ్చి అతని కెరీర్ పోయిందంటారు. రేడియో కంటే ముందు ఆ చెయ్యి పోయింది."

ఆ ఆగడం సుధాకరరావు చూశాడు. ఆ చూపూ చూశాడు. తండ్రీకూతుళ్ళిద్దరికీ తెలుసన్నమాట.

చుట్ట ఇంకా తిరుగుతోంది. యార్డులో ఇంజను చప్పుడు విని ఎక్కడ తేడా ఉందో చెప్పే చెవి ఆయనది. ఆ మూడో చెయ్యి ఆయనకు వినపడింది. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, లోపలికి రావచ్చా అని చూసి, వచ్చినట్టుంది.

చుట్ట అయిపోయింది. ఆయన లేచాడు.

"ఒక్క మాట అడగాలి. ఈ పుస్తకం ఎవరు రాశారు?"

కుర్చీలు కిర్రుమన్నాయి. గియాసుద్దీన్ దగ్గరకొచ్చాడు.

"రావు సాబ్, లోపలికి రాండ్రి. కూసోని మాట్లాడుకుందం."

"దొంగతనం బయటా, మాటలు లోపలానా?" ఇన్నాళ్ళూ గియాసుద్దీన్‌ని మీరు అనేవాడు. ఈ రోజు అనలేదు. "ఇది నా భార్య వసుంధర రాసింది. క్యాలెండరు కాగితాల మీద రాస్తుంటే నేను చూశాను. నువ్వు కాజేశావు."

"అంకుల్, ప్లీజ్," అంది షిఫా. "వద్దు అంకుల్. తర్వాత చెప్తాం."

వద్దంటున్నారు. అంటే దొరికారు.

"రుజువుంది," అన్నాడు సుధాకరరావు. పుస్తకం తెరిచాడు. ఇంగ్లీషు వాక్యం మీద వేలుంచి, తెలుగులో చెప్పాడు. "డెల్లా మొగుడు వంట బాగుందని ఏనాడూ అనలేదేమో. బాగుంటే రెండోసారి మంచినీళ్ళు అడిగేవాడేమో. అది ఎవరింటి సంగతి? మా ఇంటిది."

సంఘం అధ్యక్షుడు జగన్మోహనరావు ముందు వరసలోంచి వెనక్కి తిరిగాడు. పెద్దమనిషి, హాస్యగాడు. "రావుగారూ, అది ప్రతి ఇంట్లో ఉన్నదేనండీ. మా ఇంట్లో అయితే నీళ్ళు కూడా నన్నే తెచ్చుకోమంటారు."

అందరూ నవ్వారు. సుధాకరరావుకు ఒళ్ళు మండింది.

"నవ్వండి. ఇదీ వినండి. పని నించి రాగానే, చెప్పులు విప్పకముందే, డెల్లా సంచి బల్ల మీద పెట్టి మూత తెరిచి ఉంచేదేమో. మొగుడు అడక్కముందే. అడిగించుకోవడం కంటే అదే నయమని. ఇది మీ ఇంట్లో ఉందా జగన్మోహనరావుగారూ?"

జగన్మోహనరావు నవ్వు ముఖం మీద సగంలో ఆగింది. "లేదండీ," అన్నాడు.

"మా ఇంట్లో ఉంది. పదకొండేళ్ళు."

"రావు సాబ్," అన్నాడు గియాసుద్దీన్ మెల్లగా. "బస్. నేను ఒప్పుకుంట. ఇంక సదవకుండ్రి."

"ఒప్పుకునేవాడివి ముందే ఒప్పుకోవాల్సింది. మూడోది విను. ప్రతిరోజూ పదకొండింటికీ, మూడింటికీ ఆల్బీ ఆమె పనిచేసే లాండ్రీకి ఫోను చేసేవాడేమో. ఆమే ఎత్తాలి. ఇంకెవరెత్తినా మాట్లాడడు, పెట్టేస్తాడు. ఆ టైముకి ఆమె చేతిలో పనేమున్నా వదిలేసి ఫోను పక్కన నిలబడేది." ఆయన చెయ్యెత్తి చూపించాడు. "నూరేళ్ళ కిందట లాండ్రీలో అంత ఫోనెక్కడిది? ఆ ఫోను అదిగో. ఆ గోడ మీద. రోజూ పదకొండింటికీ మూడింటికీ చేసింది ఎవరు? నేను."

అందరూ గోడ వైపు చూశారు. బూడిద రంగు ఫోను, దాని పక్కన ఒక ఎత్తు పీట.

తర్వాత అందరూ ఆయన వైపు చూశారు.

సుధాకరరావు ఇంకా చెయ్యి చాపే ఉన్నాడు. అన్న మాట గదిలో ఉండిపోయింది. అది తన చెవికి అప్పుడు వచ్చింది, కొంచెం లేటుగా. ప్రసన్నలక్ష్మి ఒళ్ళో ఉన్న పుస్తకం వైపు తల వంచుకుంది. జగన్మోహనరావు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు.

"అంచేత ఈ పుస్తకం నా భార్యది," అని ముగించాడు. గొంతు తగ్గిపోయింది.

"అవును," అన్నాడు గియాసుద్దీన్. "ఆమెదే."

*

లోపలి గదిలో వసుంధర బల్ల అలాగే ఉంది. సన్నకత్తి, జిగురు సీసా, పల్చటి కాగితాల కట్ట. గియాసుద్దీన్ ఒక బిస్కట్ల డబ్బా తీసి మూత విప్పాడు. క్యాలెండరు కాగితాలు. నెలల వరసలో సర్ది ఉన్నాయి.

"ఇవి నీ దగ్గరికెలా వచ్చాయి? నేను రోజూ సంచి చూసేవాణ్ణి."

"ఇంటికొచ్చినంక చూసేటోళ్ళు. ఆమె ఇక్కడికి వచ్చేటప్పుడు తెచ్చింది. రోజుకొక్కటి, టిఫిను బాక్సు కింద. ఆస్పత్రిలో చేరేదాకా తెచ్చింది. నేను సదివి చెప్తె షిఫా ఇంగ్లీషుల రాసింది."

నిజమే. వెళ్ళేటప్పుడు ఆయన ఏనాడూ చూడలేదు. తీసుకుపోవడానికి ఆ ఇంట్లో ఏముందని.

"సరే, ఆమే ఇచ్చిందనుకుందాం. పేరెందుకు మార్చావు?"

గియాసుద్దీన్ అన్నిటికంటే అడుగున ఉన్న కాగితం తీసిచ్చాడు. అది ఆగస్టు నెల. వెనక్కి తిప్పితే వసుంధర రాత. మాటంతా రాసుకుపోయి, తర్వాత వెనక్కొచ్చి వరసగా తలకట్లు పెట్టుకునేది ఆమె. చివరి రెండు వరుసలకు తలకట్లు లేవు. ఓపిక లేదేమో. ఇంకెవరూ అలా రాయరు. అయినా ఆయన కాగితాన్ని వెలుగుకు పెట్టి చూశాడు.

"గియాసుద్దీన్ గారికి. అట్ట మీద నా పేరు వద్దు. డెల్లా ఇంటి సంగతులు ఎవరికీ తెలియవు. అందుకని నాకు తెలిసినవి రాశాను. నా పేరుంటే అవి ఎవరివో మావాళ్ళందరికీ తెలిసిపోతుంది. ఆయన నలుగురిలో తలెత్తుకు తిరిగే మనిషి. మీ పేరు వేసుకోండి. ఎవరైనా అడిగినా చెప్పకండి."

గది బయట కుర్చీలు మడుస్తున్న చప్పుడు. వెళ్ళేవాళ్ళు చిన్నగా మాట్లాడుకుంటున్నారు. ఏం మాట్లాడుకుంటున్నారో ఆయనకు తెలుసు.

"నేను వద్దన్న," అన్నాడు గియాసుద్దీన్. "పేరు లేకుంట వేద్దమన్న. పేరు లేకుంటె ఎవరిదని ఎతుకుతరు, మీరే వేసుకోండ్రి అన్నది. మాటిచ్చిన. ఇందాక లోపలికి రమ్మన్నది అందుకే."

"నీకు ముందే తెలుసు. ఫోను సంగతి."

"ఫోను నా షాపులదే గద రావు సాబ్. ఒక్కోసారి నేనే ఎత్తుతుంటి. పెట్టేసేటోళ్ళు."

షిఫా గుమ్మంలో నిలబడి ఉంది. "అంకుల్, గురువారం రెండో ప్రింటు. అయిదు వందల కాపీలు. మన స్టోరీ తెలియని వాళ్ళకు కూడా వెళ్తుంది. ఆంటీ పేరు వేయాలా వద్దా, మీరే చెప్పాలి. మేం మాటిచ్చాం కదా, మేం మార్చలేం."

సుధాకరరావు ఆలోచించాడు. పేరు వేస్తే ఈ ఇరవైమందితో ఆగదు. సంఘంలో, గుళ్ళో, సెరంగూన్ రోడ్డు కొట్లో, ముప్ఫై ఎనిమిదో పేజీ చదివిన ప్రతివాడూ తనని చూస్తాడు. వెయ్యకపోతే ఆమె పదకొండేళ్ళ పని గియాసుద్దీన్‌ది.

"ఆ మూడు చోట్లా కొట్టేసి, ఆమె పేరు వెయ్యండి," అన్నాడు.

"కొట్టేయొచ్చు," అంది షిఫా. తెలుగు మాటలు వెతుక్కుంటూ నెమ్మదిగా చెప్పింది. "కానీ అంకుల్, ఆ చెయ్యి ఎందుకు లేటుగా వస్తుందో ఎవ్వరికీ తెలియలేదు. పెద్దపెద్ద వాళ్ళకు కూడా. ఆంటీకి తెలిసింది. వాయిస్తూ కూడా ఇంకో దాని కోసం చెవి పెట్టుకుని ఉండే చెయ్యి అది, అని రాశారు. ఆ మూడూ తీసేస్తే పుస్తకంలో ఆంటీ కనిపెట్టింది ఉండదు. పేరొక్కటే ఉంటుంది."

ఈ పిల్ల తనని ఇరికించడానికి చెబుతోందా అని ఆయన ముఖంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. ఏమీ దొరకలేదు.

బల్ల మీద బాగుచేసిన చుట్ట ఒకటుంది. బాగుచేసినవాళ్ళు చుట్ట చివర, ఆఖరి చిల్లు దాటాక, పెన్సిలుతో పేరు రాసుకోవడం ఆ పనిలో ఆనవాయితీ. వసుంధర ఒకప్పుడు చెప్పింది. అది ఎవరు చూస్తారు అని ఆయన అడిగితే, మళ్ళీ చిరిగినప్పుడు బాగుచేసేవాళ్ళు చూస్తారండీ అంది. ఆయన చుట్ట చివర విప్పాడు. వసుంధర. తేదీ. తలకట్లన్నీ ఉన్నాయి.

"ఆమె వద్దంది నా పరువు కోసం కదా," అన్నాడు. "అది ఇందాకే అయిపోయింది. ఒక్క మాట తియ్యొద్దు. పేరు అట్ట మీద వెయ్యండి. చివర్లో కాదు."

షిఫా కాగితం తీసుకుంది. "స్పెల్లింగ్ చెప్తారా అంకుల్?"

ఒక్కో అక్షరమే చెప్పాడు. ఆమె రాసింది తీసుకుని వేలు పెట్టి చదివి, తిరిగిచ్చాడు.

"కింద మీ పేరు కూడా వేయాలా? భర్త అని?"

"నా పేరెందుకు? నేను లోపలున్నాగా."

గియాసుద్దీన్ చెయ్యి చాపాడు. సుధాకరరావు పట్టుకోలేదు. దొంగ కాదని తేలింది. అంతమాత్రాన క్షమించాలని ఎక్కడా లేదు. తనకు చెప్పనిది ఆమె ఇతనికి చెప్పింది. ఇతను తెలిసి కూడా పదకొండేళ్ళు, వచ్చినప్పుడల్లా చాయ్ తాగమన్నాడు. అది దొంగతనం కంటే ఎక్కువ.

"గురువారం ప్రింటయ్యాక ఒక కాపీ పంపు. అట్ట చూడాలి," అన్నాడు.

"నమ్మకం లేదా రావు సాబ్?"

"లేదు."

గోడ మీది ఫోను పక్కనించి బయటికొచ్చాడు.

ప్రసన్నలక్ష్మి స్టేషన్ దగ్గర ఆగి ఉంది. రైల్లో పక్కనే కూర్చుంది. జురాంగ్ వెస్ట్‌లో లిఫ్టు ఎక్కాక ఇక ఉండబట్టలేకపోయింది.

"అన్నయ్యగారూ, వదిన నాతో ఏనాడూ అనలేదండీ. ఆ పదకొండింటి ఫోను..."

"అమ్మాయ్," అన్నాడు సుధాకరరావు. లిఫ్టు తలుపు వైపే చూస్తున్నాడు. "ఆ పుస్తకం వసుంధర రాసింది. ఎవరడిగినా అంతవరకు చెప్పు. మిగతాది నా దగ్గర ఎత్తొద్దు. నేను ఎత్తను. ఇవాళ్టితో సరి, చచ్చేదాకా ఎత్తను."

లిఫ్టు ఆగింది. ఆయన వెళ్ళి తలుపుకున్న రెండు తాళాలూ తీసి, లోపలికెళ్ళి, మళ్ళీ వేసుకున్నాడు.